అవిల్ మత్తుకీ కార్టిసాల్‌కీ చుట్టరికం ఎంత?

ఈమధ్య మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరుగుతోంది. తెల్లకోటు వేసుకున్న ఒకాయన బోర్డు మీద మెదడు బొమ్మ గీసి మూడు మాటలు చెప్తాడు. అలర్జీలో దురదా తుమ్ములూ తెప్పించే హిస్టమిన్ అనే రసాయనం మెదడులో ఒత్తిడి హార్మోన్లని రెచ్చగొడుతుంది. అలర్జీ మాత్రలు హిస్టమిన్‌ని అడ్డుకుంటాయి. కాబట్టి రోజూ పడుకోబోయే ముందు ఒక సెట్రిజిన్ వేసుకుంటే ఆ హార్మోన్లలో ఒకటైన కార్టిసాల్ తగ్గుతుంది, టెన్షన్ పోతుంది, పొట్ట కూడా కరుగుతుంది. మొదటి రెండు మాటలూ నిజమే. మూడోది గొంతులోకి అంత సులువుగా దిగిపోవడానికి కారణం ఆ రెండే.

వీడియో కింద మా పెదనాన్నగారు "నేను ఎప్పట్నుంచో చేస్తున్నది ఇదే" అని రాసి దండం బొమ్మ పెట్టారు. తుమ్ములకని మొదలుపెట్టిన సెట్రిజిన్ ఆయనకి ఎప్పుడు నిద్రమాత్ర అయిందో, నిద్రమాత్ర ఎప్పుడు టెన్షన్ మాత్ర అయిందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. పెద్దాయన్ని గ్రూపులో అందరి ముందూ కాదంటే బాగుండదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆయన బ్లాగులు చదవరు.

నేను డాక్టర్ని కాను. ఫార్మసీ చదివి, మా మేనమామ మెడికల్ షాపులో కొంతకాలం కౌంటర్ దగ్గర నిలబడి, తర్వాత ఫార్మకాలజీ పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. హిస్టమిన్ ఒత్తిడి హార్మోన్లని కదిలిస్తుందన్నది గట్టిగా నిలబడిన శాస్త్రం. దాన్ని తిరగేసి, అలర్జీ మాత్ర వేసుకుంటే ఒత్తిడి హార్మోన్లు దిగుతాయనడం శాస్త్రం కాదు. నా వాదనంతా ఇంతే. అయితే ఈ తేడా తెలియనందువల్ల మాత్రల దగ్గర కంటే ఇంజెక్షన్ల దగ్గర ఎక్కువ నష్టం జరుగుతోంది. దాని సంగతి తర్వాత చెప్తాను, అసలు కోపం నాకు అక్కడే ఉంది.

కౌంటర్ దగ్గర

ఆల్‌ప్రజోలామ్ లాంటి, ఆందోళన తగ్గించి నిద్ర తెచ్చే మందులు 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అనే కట్టుదిట్టమైన మందుల జాబితా కింద ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినదానికి విడిగా రిజిస్టర్ రాయాలి, ఆ రిజిస్టర్ మూడేళ్లు దాచాలి. మంచి నియమమే. కానీ నిద్ర పట్టనివాళ్లు నియమం చదువుకుని షాపుకి రారు కదా. మా మామయ్య చీటీ లేనిదే ఆల్‌ప్రజోలామ్ పెట్టె ముట్టుకునేవాడు కాదు. అప్పుడు వచ్చేది రెండో అడుగు.

మా వీధి చివర మామ్మగారు ఒకావిడ ఉండేవారు. సాయంత్రం పూట వచ్చేవారు, బేరం రద్దీ తగ్గాక.

"నిద్రమాత్ర ఇవ్వు నాయనా."

"చీటీ కావాలి మామ్మగారూ."

"పోనీ అవిలన్నా ఇవ్వు. అర మాత్ర వేసుకుంటే మనసు కుదుటపడుద్ది."

అవిల్ పాతతరం అలర్జీ మాత్ర. ఆవిడకి దురద లేదు, తుమ్ముల్లేవు. కొడుకు ఉద్యోగం పోయి బెంగళూరు నుంచి వచ్చి ఇంట్లో కూర్చున్నాడు. అదీ ఆవిడ జబ్బు. మా మామయ్య షీటు కత్తిరించి నాలుగు మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. నేను మొహం పెడితే, "నిద్ర పడితే టెన్షన్ తగ్గినట్టేగా రా" అనేవాడు. అప్పుడు నాకు జవాబు తోచలేదు. ఆ ప్రశ్న చిన్నదేం కాదు. శరీరం విశ్రాంతిలోకి జారడానికీ మత్తులో మునిగి పడుండడానికీ బయటినుంచి చూస్తే తేడా కనపడదు. లోపల హార్మోన్ల లెక్కలో మాత్రం అవి రెండూ ఒకటి కావు.

జలుబు మాత్రల సంగతి ఇంకా విచిత్రం. మన షాపుల్లో ఎక్కువగా అమ్ముడుపోయే జలుబు మాత్రల్లో క్లోర్‌ఫెనిరమిన్‌తో పాటు ఫినైలెఫ్రిన్ ఉంటుంది. మొదటిది హిస్టమిన్‌ని ఆపుతుంది, మత్తు తెస్తుంది. రెండోది అడ్రినలిన్ పనిచేసే గ్రాహకాల (కణాల మీదుండే రిసెప్టర్ల) మీదే కూర్చుని ముక్కులో రక్తనాళాల్ని బిగిస్తుంది. అంటే ఒత్తిడి హార్మోన్‌ని అనుకరించే మందూ, ఒత్తిడిని తగ్గిస్తుందని జనం అనుకునే మందూ ఒకే బిళ్లలో ఉన్నాయి. "జలుబు మాత్ర వేసుకుంటే నాకు భలే రిలాక్స్‌గా ఉంటుంది" అనేవాళ్లని చూసినప్పుడల్లా ఈ సంగతే గుర్తొస్తుంది. (ఈ రెండూ కలిపిన మందు నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడొద్దని లేబుల్ మీద వేయాలని 2023 డిసెంబర్‌లో మన డ్రగ్ కంట్రోలర్ ఆదేశించారు. ఇంట్లో పాత సీసాలుంటే ఒకసారి చూసుకోండి.)

మొదటి మాట ఎందుకు నిజం

1910లో లండన్‌లో హెన్రీ డేల్, పాట్రిక్ లెయిడ్‌లా జంతువుల్లోకి హిస్టమిన్ ఎక్కించి చూశారు. బీపీ పడిపోయింది, ఊపిరి గొట్టాలు బిగుసుకున్నాయి. తేనెటీగ కుట్టో, మందు పడకో అలర్జీ ముదిరిన మనిషికి జరిగేది ఇంచుమించు అదే. బీపీ పడిపోతే శరీరం చేతులు కట్టుకుని కూర్చోదు. కిడ్నీల పైనున్న అడ్రినల్ గ్రంథుల లోపలి భాగం అడ్రినలిన్ వదులుతుంది. దద్దుర్లు బాగా లేచిన రోజున గుండె దడదడలాడడం మీలో కొందరికి అనుభవమే అయ్యుంటుంది. అందులో భయం పాలు కొంత, ఇది కొంత.

అంతేకాదు, హిస్టమిన్ ఆ గ్రంథి కణాల మీద నేరుగా కూడా పనిచేస్తుంది. 1945లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో గ్రేస్ రాత్, వాల్టర్ క్వేల్ దీన్నే రోగపరీక్షగా మార్చారు. ఫియోక్రోమోసైటోమా అని ఒక గడ్డ ఉంది, అడ్రినల్ లోపలి కణాల నుంచి పుట్టి, అదేపనిగా అడ్రినలిన్, నారడ్రినలిన్ వదులుతుంటుంది. అనుమానం ఉన్న మనిషికి నరంలోకి బహు కొద్దిగా హిస్టమిన్ ఇచ్చేవాళ్లు. మామూలు మనిషికైతే మొహం ఎర్రబడి బీపీ కాస్త దిగుతుంది. గడ్డ ఉంటే, బీపీ దించాల్సిన ఆ హిస్టమినే ఒక్కసారిగా పైకి ఎగదోస్తుంది. ప్రమాదకరమైన పరీక్ష. మూత్రంలోనూ రక్తంలోనూ ఆ హార్మోన్ల అవశేషాలు కొలిచే పద్ధతులు వచ్చాక దాన్ని మానేశారు. క్లాసులో ఇది చెప్తున్నప్పుడు వెనక బెంచీలవాళ్లు కూడా తలెత్తి చూస్తారు.

ఇక మెదడు. హిస్టమిన్ అనగానే మనకి ముక్కూ చర్మమే గుర్తొస్తాయి గానీ, మెదడు అడుగుభాగంలో ఉండే హైపోథాలమస్ వెనక వైపున హిస్టమిన్ తయారుచేసే నాడీకణాల గుంపు ఒకటుంది. 1984 ప్రాంతంలో దాన్ని స్పష్టంగా గుర్తించారు. చిన్న గుంపే, కానీ దాని పోగులు మెదడంతా పాకి ఉంటాయి. మనల్ని మేలుకొలిపి ఉంచడం దాని ముఖ్యమైన పని. అవిల్ వేసుకుంటే మత్తెందుకొస్తుందో దీన్నిబట్టే అర్థమవుతుంది. ఆ పోగులు కొన్ని, ఒత్తిడి హార్మోన్ల గొలుసు మొదలయ్యే చోటుకీ వెళ్తాయి. అక్కడ సీఆర్‌హెచ్ అనే హార్మోన్ విడుదలైతే మెదడు కిందనున్న పిట్యూటరీ గ్రంథి నుంచి ఏసీటీహెచ్ వస్తుంది, అది రక్తంలో ప్రయాణించి అడ్రినల్ గ్రంథి పై పొర నుంచి కార్టిసాల్ రప్పిస్తుంది. కోపెన్‌హాగన్‌లో ఉల్రిక్ క్నిగ్గె, యోర్గెన్ వార్‌బెర్గ్ బృందం 1980లు, 90ల్లో ఎలుకల మీద దీన్ని ఓపిగ్గా విడదీసి చూసింది. మెదడులోకి హిస్టమిన్ ఇస్తే ఏసీటీహెచ్ పెరిగింది. ఎలుకని కదలకుండా బిగించి ఒత్తిడి పెట్టినప్పుడు, హిస్టమిన్ తయారీని ఆపినా, దాని గ్రాహకాల్ని మూసినా ఆ పెరుగుదల కొంత తగ్గింది.

వీడియోలో పెద్దమనిషి చెప్పిన మొదటి మాటకి ఆధారం ఇదే. "కొంత" అన్న మాట దగ్గర ఆయన ఆగలేదు, నేను ఆగుతాను.

మూడో మాట ఎక్కడ బెసికింది

చెరువులోకి నాలుగైదు వాగులు నీళ్లు తెస్తుంటే, ఒక వాగుకి అడ్డుకట్ట వేసి చెరువు ఎండిపోతుందని కూర్చుంటే ఎలా? కార్టిసాల్ గొలుసుని కదిలించేవి హిస్టమిన్ ఒక్కటే కాదు. నారడ్రినలిన్, సెరటోనిన్, ఇన్ఫెక్షన్లప్పుడు పుట్టే రసాయనాలు, రక్తంలో చక్కెర పడిపోవడం, నొప్పి, భయం ఇవన్నీ తలా ఒక దారిన అక్కడికి చేరతాయి. కొడుకు ఉద్యోగం గురించిన బెంగ వచ్చే దారిలో హిస్టమిన్ పాత్ర ఉన్నా అది ఒక పాయ మాత్రమే. పైగా హిస్టమిన్ చేసే ఆ పనిలోనూ హెచ్1, హెచ్2 అని రెండు రకాల గ్రాహకాలు పాలుపంచుకుంటాయి. సెట్రిజిన్ మూసేది మొదటిదాన్నే. రెండోది కడుపులో ఆమ్లానికి వాడే ఫామోటిడిన్ తరహా మందుల వంతు.

ఇంతకీ సెట్రిజిన్ మెదడులోకి వెళ్తుందా? జపాన్‌లో సెందాయ్ నగరంలోని తొహోకు విశ్వవిద్యాలయంలో కజుహికో యనాయ్ బృందం ఏళ్ల తరబడి చేసిన పని ఇదే. మనుషులకి మాత్ర ఇచ్చి, పెట్ స్కాన్‌లో మెదడులోని హెచ్1 గ్రాహకాలు ఎన్ని మూసుకున్నాయో కొలిచారు. పాతతరం మత్తుమందులు సగానికి పైగా మూసేస్తాయి. సెట్రిజిన్ 10 మిల్లీగ్రాములకి 13 శాతం లోపే, 20 మిల్లీగ్రాములకి పాతిక శాతం. ఫెక్సోఫెనడిన్ అనే మరో కొత్తతరం అలర్జీ మందు దాదాపు సున్నా. కాబట్టి వీడియోలో గీసిన మెదడు బొమ్మ సెట్రిజిన్‌కి అంతగా వర్తించదు. మా పెదనాన్నగారికి దాంతో నిద్ర పడుతోందంటే ఆ కొద్దిపాటి మత్తూ, ముక్కు తెరుచుకోవడం, అలవాటూ కలిసి పనిచేస్తున్నాయనుకుంటాను.

నన్ను అన్నిటికంటే నవ్వించింది "పడుకోబోయే ముందు" అన్న సలహా. కార్టిసాల్‌కి రోజువారీ చక్రం ఉంది. తెల్లవారుజామున ఎక్కడం మొదలై, మనం లేచే వేళకి శిఖరానికి చేరి, పగలంతా దిగుతూ వచ్చి, అర్ధరాత్రి ప్రాంతంలో అట్టడుగున ఉంటుంది. అది కిందనే ఉన్న వేళ చూసి దాన్ని దించడానికి మాత్ర మింగమంటున్నాడు! దురదలు రాత్రిపూట ఎక్కువవడానికి ఒక కారణంగా చెప్పేది కూడా ఈ కార్టిసాల్ తగ్గుదలనే. రాత్రి అలర్జీ మాత్ర నిజంగా ఉపయోగపడేది ఆ దురదకే.

పొట్ట కరగడం మాట అటుంచండి. హైపోథాలమస్‌లో హెచ్1 గ్రాహకాల్ని మూస్తే ఆకలి పెరుగుతుంది. ఒలాంజపిన్, క్లోజపిన్ లాంటి మానసిక వైద్యపు మందులతో మనుషులు లావెక్కడానికి వాటికున్న ఈ గుణం ఒక ముఖ్య కారణం. పిల్లలు తినట్లేదని మన తల్లులు అడిగి కొనే ఆకలి సిరప్పుల్లో ఉండే సైప్రోహెప్టడిన్ కూడా అలర్జీ మందే.

నాకు ఎదురుగా నిలబడే సాక్ష్యాలు

ఇక్కడిదాకా చదివి నేను గెలిచేశానని అనుకోకండి. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే విషయాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది చరిత్ర. 1940ల చివర్లో ఆన్రీ లాబోరి అనే ఫ్రెంచి నౌకాదళ సర్జన్ ట్యునీషియాలోని బిజెర్త్‌లో పనిచేసేవాడు. ఆపరేషన్ దెబ్బకి శరీరం స్పందించే తీరే రోగిని షాక్‌లోకి నెడుతుందని ఆయన నమ్మకం. ఆ స్పందనని ముందే అణచాలని రకరకాల మందులు కలిపి ఇచ్చి చూశాడు. వాటిలో ప్రోమెథజిన్ ఒకటి, అలర్జీ మందు. మన ఇళ్లలో ఫెనర్గాన్ సిరప్ అనే పేరుతో తెలిసినదే. రైలెక్కేముందు పిల్లలకి పట్టించేవాళ్లని చూశాను, రెండేళ్లలోపు పిల్లలకి దానివల్ల ఊపిరి ఆగే ప్రమాదముందని 2004లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గట్టిగా హెచ్చరించినా. సరే, లాబోరి రోగులు ఆపరేషన్‌కి ముందు మెలకువగానే ఉండి ఏదీ పట్టనట్టు ప్రశాంతంగా కనిపించారు. ఆయన అది గమనించి, ఆ గుణం ఇంకా ఎక్కువున్న మందు కావాలన్నాడు. 1950 డిసెంబర్‌లో పాల్ షార్పెంతియే క్లోర్‌ప్రొమజిన్ తయారుచేశాడు. 1952లో పారిస్‌లోని సెంత్ ఆన్ ఆసుపత్రిలో జాన్ దెలే, పియేర్ దెనికె దాన్ని మానసిక రోగులకి వాడారు. పిచ్చాసుపత్రుల రూపు మార్చిన మందు పుట్టింది అలర్జీ మందుల కుటుంబంలోనే.

అలాంటప్పుడు "అలర్జీ మందు మనసుని కుదుటపరచదు" అని ఏ మొహం పెట్టుకుని అంటాను? అనను. మా మామ్మగారి అనుభవం అబద్ధం కాదు. నేను అనేదల్లా, ఆ కుదుటపడడం కార్టిసాల్ ద్వారా రాలేదని. క్లోర్‌ప్రొమజిన్ గొప్పతనం మెదడులో డోపమిన్ అనే రసాయనపు గ్రాహకాల్ని మూయడంలో ఉందని తర్వాత తేలింది. పాత అలర్జీ మందులు ఒక్క హిస్టమిన్ దగ్గర ఆగే రకం కాదు. దొరికిన తలుపల్లా తడతాయి. క్లోర్‌ఫెనిరమిన్‌కి సెరటోనిన్ మీద కూడా పట్టుంది. ఫ్లూవాక్సెటిన్ అనే డిప్రెషన్ మందుకి మూలపురుషుడు డైఫెన్‌హైడ్రమిన్ అనే అలర్జీ మందే.

రెండోది హైడ్రాక్సిజైన్. చర్మ డాక్టర్లు దురదకి రాస్తారు, కొందరు మానసిక వైద్యులు ఆందోళనకీ రాస్తారు. దీర్ఘకాల ఆందోళనకి అది మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది కూడా. అయినా మొదటి ఎంపికగా దాన్ని సిఫార్సు చేయడం లేదు. తమాషా ఏమిటంటే శరీరంలో హైడ్రాక్సిజైన్ విరిగి తయారయ్యేదే సెట్రిజిన్. తల్లి మందు మెదడులోకి బాగా వెళ్తుంది, పిల్ల మందు సరిగా వెళ్లదు. వీడియోలాయన తల్లి గుణాన్ని పిల్లకి అంటగట్టాడన్నమాట.

మూడోది నా వాదనకి అన్నిటికంటే దగ్గరగా తగిలే రాయి. 1975లో న్యూయార్క్‌లో డొరతీ క్రీగర్ బృందం, పిట్యూటరీలో లోపం వల్ల కార్టిసాల్ విపరీతంగా పెరిగే కుషింగ్స్ వ్యాధి ఉన్న ముగ్గురికి రోజుకి 24 మిల్లీగ్రాముల సైప్రోహెప్టడిన్ ఇస్తే వ్యాధి అదుపులోకి వచ్చిందని ప్రకటించింది. అలర్జీ మందు కార్టిసాల్‌ని దించింది! నేను మొదటిసారి ఇది చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. కానీ సైప్రోహెప్టడిన్ సెరటోనిన్‌ని కూడా గట్టిగా అడ్డుకుంటుంది, క్రీగర్ దాన్ని ఎంచుకున్నదే అందుకు. తర్వాత ఎక్కువమంది రోగుల్లో ఆ ఫలితం నిలబడలేదు. ఇవాళ ఆ వ్యాధికి మొదటి వైద్యం ఆపరేషనే. అయినా ఈ ఉదాహరణ నన్ను ఒక విషయంలో జాగ్రత్తగా ఉంచుతుంది. "ఏ అలర్జీ మందూ, ఏ మనిషిలోనూ, ఏ డోసులోనూ కార్టిసాల్‌ని ముట్టుకోదు" అని నేను అనడం లేదు. దురద లేని మామూలు మనిషి టెన్షన్‌కి ఇది మందు కాదంటున్నాను.

ఇక దురద ఉన్న మనిషి సంగతి వేరే. ఒత్తిడి వల్ల కూడా దద్దుర్లు లేస్తాయి. చర్మంలో హిస్టమిన్ నింపుకుని కూర్చున్న మాస్ట్ కణాలకి సీఆర్‌హెచ్ గ్రాహకాలున్నాయి. పరీక్షల నెల వస్తే మా కాలేజీలో ఒకమ్మాయికి మెడ చుట్టూ ఎర్రటి పలకల్లా తేలేవి, ఫలితాలొచ్చాక మాయమయ్యేవి. ఒత్తిడి, దద్దుర్లు, గోకుడు, నిద్రలేమి, మళ్లీ ఒత్తిడి. ఈ చక్రాన్ని సెట్రిజిన్ నిజంగానే ఒకచోట తెంపుతుంది. ఆ అమ్మాయికి చర్మ డాక్టరు రాసిచ్చింది అదే, నేను కాదనలేదు. మా ఊరి చుట్టుపక్కల వయ్యారిభామ పిచ్చిమొక్క పూసే రోజుల్లో ముక్కులు కారేవాళ్లకీ అంతే. మిర్చి యార్డులో ఘాటుకి తుమ్మేవాళ్ల సంగతి మాత్రం అది కాదు. కారం నేరుగా నరాల్ని మండిస్తుంది. అక్కడ అలర్జీ మాత్ర పెద్దగా చేసేదేమీ లేదు, ముక్కుకి కట్టుకున్న తువ్వాలే నయం.

అసలు ఒత్తిడి హార్మోన్లంటే దించేయాల్సిన శత్రువులన్న ఆలోచనే నాకు మింగుడుపడదు. అడ్రినల్ గ్రంథులు తీసేసిన ఎలుక, మామూలు ఎలుక తట్టుకునే దానికంటే చాలా తక్కువ హిస్టమిన్‌కే చచ్చిపోతుంది. కార్టిసాల్ లాంటిదైన కార్టిసోన్ ఇస్తే మళ్లీ తట్టుకుంటుంది. హిస్టమిన్ దెబ్బ నుంచి మనల్ని కాపాడేవే ఆ హార్మోన్లు. తీవ్రమైన అలర్జీతో మనిషి కుప్పకూలినప్పుడు ముందు పడాల్సింది తొడ కండలోకి అడ్రినలిన్. పెద్దవాళ్లకి అర మిల్లీగ్రాము. అవిల్ దాని తర్వాతే. మన దగ్గర చాలాచోట్ల ఇప్పటికీ ముందు అవిల్ ఎక్కించి, తగ్గుతుందేమోనని చూస్తూ కూర్చుంటారు.

మా మామయ్య ప్రశ్నకి ఇప్పుడు

"నిద్ర పడితే టెన్షన్ తగ్గినట్టేగా" అన్నదానికి రెండు జవాబులున్నాయి. ఒకటి, ఆ నిద్ర ఎన్నాళ్లో నిలవదు. డైఫెన్‌హైడ్రమిన్‌ని రోజుకి రెండుసార్లు వరసగా ఇచ్చి చూసిన 2002 నాటి ఒక పరీక్షలో, నాలుగో రోజుకల్లా మత్తు గుణం ఉత్తుత్తి మాత్రతో సమానమైపోయింది. రెండు, మత్తు మిగిలున్నా మనకి తెలియదు. 2000లో అయోవాలో డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద చేసిన పరీక్షలో అదే మందు వేసుకున్నవాళ్లు మద్యం తాగినవాళ్లకంటే అధ్వానంగా నడిపారు. తమకి నిద్రొస్తోందో లేదో వాళ్లు చెప్పిన మాటకీ, బండి నడిపిన తీరుకీ పొంతన లేదు. వయసు మళ్లినవాళ్లకి పాత మందులతో మతి తడబాటు, మలబద్ధకం, ప్రొస్టేట్ ఉంటే మూత్రం బిగుసుకుపోవడం అదనం. జలుబు మాత్ర వేసుకున్న రాత్రి మూత్రం ఆగి, తెల్లారేసరికి ఆసుపత్రికి పరుగెత్తిన కుటుంబాలు కౌంటర్ దగ్గర కథలుగా చెప్పేవి.

ఏళ్ల తరబడి సెట్రిజిన్ వాడేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. 2025 మేలో ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ ఎక్కువకాలం రోజూ వాడి ఆపేసిన కొందరికి, కొద్దిరోజుల్లోనే ఒళ్లంతా భరించలేని దురద వచ్చింది. ప్రపంచం మొత్తం మీద వాళ్ల దృష్టికొచ్చినవి 209 కేసులు. అంటే అరుదే. కానీ మాత్ర మానిన మూడో రోజున ఒళ్లంతా గోక్కుంటూ నిద్రలేకుండా గడిపిన మనిషి ఏమనుకుంటాడు? "చూశావా, ఇది లేకపోతే నాకు టెన్షన్ ఎక్కుతుంది" అనుకుంటాడు. మా పెదనాన్నగారు ఒకసారి మానడానికి ప్రయత్నించి అచ్చం అదే మాట అన్నారని పెద్దమ్మ చెప్పింది. అది ఈ దురదేనో కాదో నేను తేల్చలేను. డాక్టరుకి చూపించి మెల్లగా తగ్గించుకోమని పెద్దమ్మతో చెప్పాను.

ఒకే సిరంజిలో రెండు మందులు

ఇప్పుడు నా కోపం దగ్గరికొద్దాం. పల్లెల్లో "అలర్జీ సూది" అంటే చాలాసార్లు ఒక్క మందు కాదు. అవిల్ ఆంప్యూల్‌లోది, డెక్సామెథసోన్ సీసాలోది ఒకే సిరంజిలోకి లాగి వేస్తారు. దురదకీ, జలుబుకీ, ఒళ్లునొప్పులకీ, మోకాళ్లకీ, "నీరసం"కీ అదే. వేయించుకున్నవాళ్లకి సాయంత్రానికల్లా ఒళ్లు తేలికపడుతుంది, ఆకలేస్తుంది, హుషారొస్తుంది. ఆ పేరంతా అవిల్‌కి పోతుంది. ఆ పని చేసింది డెక్సామెథసోన్, కార్టిసాల్‌లా పనిచేసే స్టెరాయిడ్.

కార్టిసాల్‌ని నిజంగా దించే మందు ఏదైనా ఉందంటే అది ఈ రెండో సీసాలో ఉంది. రాత్రి 11 గంటలకి ఒక్క మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మింగిస్తే, మర్నాడు ఉదయం 8 గంటలకి ఆరోగ్యవంతుడి కార్టిసాల్ డెసిలీటరు రక్తానికి 1.8 మైక్రోగ్రాముల కిందికి పడిపోవాలి. కుషింగ్స్ పరీక్ష చేసేదే ఇలా. బయటినుంచి వచ్చిన స్టెరాయిడ్‌ని చూసి హైపోథాలమస్, పిట్యూటరీ పని ఆపేస్తాయి. వారానికోసారి, పదిరోజులకోసారి అని నెలల తరబడి వేయించుకుంటే అడ్రినల్ గ్రంథి పై పొర కుంచించుకుపోతుంది. అప్పుడు ఒక జ్వరమో, ఆపరేషనో, ప్రమాదమో వస్తే ఎగబాకాల్సిన కార్టిసాల్ ఎగబాకదు. బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఒత్తిడి హార్మోన్లు తగ్గడం వరమని నమ్మేవాళ్లకి, అవి నిజంగా తగ్గితే ఎలా ఉంటుందో చూపించే ఉదాహరణ ఇది.

వేసేవాళ్లనే అంటే సరిపోదు. ఆ పల్లెలో రాత్రి పదికి తలుపు తీసే మనిషి ఆయనొక్కడే. మా షాపుకి ఆ ఆంప్యూళ్లు పెట్టెలకి పెట్టెలు కొనడానికి వచ్చేవాళ్లకి మేమూ అమ్మేవాళ్లం, బిల్లు వేసి మరీ. అవసరమున్నచోట డెక్సామెథసోన్ ప్రాణాలు నిలబెడుతుంది, కోవిడ్‌లో ఆక్సిజన్ మీదున్నవాళ్ల విషయంలో అందరం చూశాం. పేరు చెప్పకుండా, చీటీ రాయకుండా వేయడమే నాకు మింగుడుపడనిది.

మా దూరపు బంధువు ఒకావిడ, యాభై దాటినామె, గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కి పట్నం వచ్చింది. మత్తు డాక్టరు ఏం మందులు వాడుతున్నావమ్మా అంటే "ఏం లేవండి, అప్పుడప్పుడూ అలర్జీ సూది వేయించుకుంటా, అంతే" అంది. మొహం గుండ్రంగా ఉబ్బి, ముంజేతుల మీద కాస్త తగిలినా కమిలిన మచ్చలు. డాక్టరుకి అనుమానం వచ్చి, ఆ సూది ఏమిటో కనుక్కుని రమ్మన్నాడు. ఆవిడ కొడుకు బండేసుకుని ఊరెళ్లి, ఆ ఇంటి వెనక కుప్పలోంచి రెండు ఖాళీ సీసాలు జేబురుమాల్లో చుట్టుకుని తెచ్చాడు. ఒకదాని మీద అవిల్, రెండోదాని మీద డెక్సామెథసోన్. ఆపరేషన్ నాలుగు రోజులు వాయిదా వేసి, కార్టిసాల్ పరీక్ష చేయించి, ఆ రోజున హైడ్రోకార్టిసోన్ (మందు రూపంలో ఉండే కార్టిసాల్) ఎక్కిస్తూ చేశారు. ఇప్పుడు ఆవిడ పొద్దున్నే స్టెరాయిడ్ మాత్ర వేసుకుంటోంది, డోసు నెలనెలా కొంచెం కొంచెం తగ్గిస్తున్నారు. స్టెరాయిడ్ వాడకం గురించి రాసిన కార్డు ఒకటి పర్సులో ఎప్పుడూ ఉండాలన్నారు. పోయిన నెల ఉదయం 8 గంటల పరీక్షలో కార్టిసాల్ ఇంకా తక్కువే వచ్చింది. దురద వస్తే మాత్రం ఇప్పుడు ఫెక్సోఫెనడిన్ మాత్ర ఒక్కటే వేసుకుంటోంది.